బొమ్మ కింద మాట

ఫిబ్రవరి 6

మా ఆడపడుచు గారికి,

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ, మీ అన్నయ్యా. ఆయన నిన్న ఒక ఆఫీసులో లిఫ్టు బాగుచేయడానికి వెళ్ళి అందులోనే ఇరుక్కుపోయారు. బయటికి లాగినవాళ్ళు నవ్వారట. ఇంటికొచ్చాక నాతో మాట్లాడలేదు, నేనే వెళ్ళి కరెంటు తీసేసినట్టు.

ఫోన్ చేస్తే పోయేదానికి ఈ ఉత్తరాలేమిటని ప్రతిసారీ సణుగుతావు. బొమ్మలు ఎలాగూ పోస్టులోనే రావాలి కదా, వాటితోపాటు నా నాలుగు ముక్కలూ వస్తాయి. పైగా ఫోను ఎత్తితే చాలు, మీ అన్నయ్య పక్కన చేరి మనిద్దరి మాటలకీ టీకా తాత్పర్యాలు మొదలుపెడతారు.

ఈసారి మూడు బొమ్మలు పంపుతున్నాను. నా కౌంటరు సంగతి నీకు తెలిసిందే. బస్సుల్లో జనం మరిచిపోయినవన్నీ బస్టాండు మెట్ల కింద ఉన్న మా గదికే చేరతాయి. మధ్యాహ్నం బస్సులు పలచబడ్డాక ఏదో ఒకటి ముందు పెట్టుకుని పెన్సిలు తీస్తాను. ఒకటి గొడుగు. దాని ఊచ విరిగితే ఎవరో దారంతో కట్టారు, నాకు ఆ ముడి నచ్చింది. రెండోది చంటిపిల్ల బూటు. మూడోది చేతికర్ర. కర్ర గీసిన కాగితం మీద టీ ఒలికింది, ఏమీ అనుకోకు. మళ్ళీ గీద్దామంటే మొదటిసారి వచ్చినట్టు రాలేదు.

ఎప్పటిలాగే ప్రతి బొమ్మ కిందా నేను చూసింది రాశాను. కర్ర కింద ఇలా ఉంటుంది: "చేతికర్ర. పిడికి గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ ఎడమవైపే అరిగింది." అంతే. ఇంకేం రాయాలో తోచలేదు. నువ్వు నెట్‌లో మన పేజీలో పెట్టేటప్పుడు అక్షరదోషాలుంటే సర్దు. ప్రెస్సులో రోజూ పదిమంది రాతలు సర్దేదానివి, వదిన రాత నీకో లెక్కా.

వేళకి తిను.

నీ వదిన


ఫిబ్రవరి 17

వదినా,

బొమ్మలు అందాయి. సర్దమన్నావుగా, సర్దాను. పేజీలో పెట్టాను కూడా. ఇప్పుడు కుర్చీలో కూర్చుని చదువు, నిలబడి ఉంటే పడతావు. ఇన్నాళ్ళూ మన పేజీ చూసేవాళ్ళు ఎవరు? నేనూ, నా పక్క టేబులామె, మీ డిపో కండక్టర్లు కొందరు. ఇప్పుడు ఎవరెవరో చూస్తున్నారు. కర్ర బొమ్మని ఒకళ్ళ నుంచి ఒకళ్ళు పంపుకుంటున్నారు. ఒకామె "ఇది రాసిన చేతికి దణ్ణం పెట్టాలి, ఆఫీసులో కూర్చుని ఏడ్చాను" అని రాసింది. మా అన్నయ్య తర్వాత నువ్వు ఏడిపించింది ఈమెనే కదా.

కిందటి నెల ఒకడు "బొమ్మ బాగుంది, కింద రాత చిన్నపిల్లల కాపీ పుస్తకంలా ఉంది" అన్నాడు. నీకు చెప్పలేదు. చెబితే గీయడం మానేస్తావని భయం. నాకు మాత్రం వారం రోజులు అన్నం సహించలేదు. ఇప్పుడు వాడు ఎక్కడున్నాడో రమ్మను.

టీ మరక గురించి దిగులుపడకు, అదీ తీసేశాను. గీతలు కూడా కాస్త శుభ్రం చేశాను. తళతళలాడుతున్నాయి. తొందరగా మరికొన్ని పంపు. జనం అడుగుతున్నారు.

అన్నయ్యని మెట్లెక్కి వెళ్ళమను.

నీ ఆడపడుచు, ప్లస్ మేనేజరు


మార్చి 2

ఏమే,

ఆ ముసలాయన్ని ఎందుకు చంపావు?

వేళాకోళం కాదు. నిన్న పొద్దున కౌంటరు తెరిచేసరికి ఒకామె నా కోసం నిలబడి ఉంది. నీ వయసుంటుంది. జుట్టు దువ్వుకోలేదు, రెండు కాళ్ళకీ వేర్వేరు చెప్పులు. ఫోను నా ముందు పెట్టి "ఇది రాసింది ఎవరు" అంది. చూస్తే నా కర్ర బొమ్మే. దాని కింద మాటలు నావి కావు. నువ్వు పెట్టిందే కదా, మళ్ళీ ఒకసారి చదువు:

"ఈ కర్ర ఇక ఏ అడుగుకూ తోడు కాదు. దీన్ని పట్టుకున్న చేయి తన ఆఖరి ప్రయాణం ముగించింది. కర్ర మాత్రం ఇంకా ఎదురుచూస్తోంది."

ఆ కర్ర ఆమె నాన్నది. పిడికి చుట్టిన గుడ్డ ఆమె పాత దుప్పటి చింపి చుట్టింది. ఆమె ఉద్యోగం వేరే ఊళ్ళో. నాన్న ఇక్కడ ఒక్కడే ఉంటాడు. పనిలో ఉండగా ఎవరో ఈ బొమ్మ చూపించారట. నాన్నకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేసినా ఎత్తలేదు. ఉన్నపళంగా బస్సెక్కింది. ఆ దారంతా ఎలా వచ్చిందో నువ్వే ఊహించుకో. ఇంటికి కూడా వెళ్ళలేదు. ఎక్కడ పోయాడో, కర్ర ఎవరు తెచ్చారో ముందు నన్ను అడగాలని, పేజీ మీదున్న మా బస్టాండు పేరు పట్టుకుని సరాసరి కౌంటరుకి వచ్చింది.

ఆమెని లోపల కూర్చోబెట్టి, అటు వెళ్ళే ఒక డ్రైవరుని బతిమాలి ఆ ఇంటికి పంపించాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ పెద్దాయన కూడా వచ్చాడు. ఆయనకి చెవులు సరిగా వినపడవు. ఫోను దిండు కింద పెట్టి మరిచిపోయాడట. కౌంటరు దగ్గర నిలబడి, "నేను పోయానని రాశారట, ఎలా పోయానో కూడా చెబితే తెలుసుకుంటాను" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. వెళ్ళేముందు నాతో ఒక్క మాట అంది. "మామూలుగా రాసుంటే నమ్మేదాన్ని కాదు. అంత బాగా రాశారు కాబట్టే నమ్మాను."

మా డిపో మేనేజరు పిలిచి చీవాట్లు పెట్టారు. ఇంకోసారి ఇలాంటిది వస్తే కౌంటరు వేరేవాళ్ళకి ఇస్తామన్నారు. అందుకని ఇప్పుడు బొమ్మలేమీ పంపడం లేదు.

నేను సర్దమన్నది అక్షరాలు. నీకు నా మాటలు అంత పేలవంగా అనిపిస్తే నాతో చెప్పాల్సింది.

వదిన


మార్చి 9

ప్రియమైన వదిన గారికి,

మీరు ఎదుర్కొన్న పరిస్థితి పట్ల హృదయపూర్వకంగా చింతిస్తున్నాను. మీ మనసుకు కలిగిన గాయాన్ని నేను పూర్తిగా అర్థం చేసుకోగలను. నా చర్య వెనుక ఎలాంటి దురుద్దేశమూ లేదు. మీ కళను మరింత మందికి చేరువ చేయాలన్నదే నా ఆకాంక్ష. అయితే ఉద్దేశం ఎంత మంచిదైనా, దాని ప్రభావానికి బాధ్యత వహించడం ముఖ్యమని గ్రహించాను.

మన బంధం కేవలం బంధుత్వం కాదు, పరస్పర గౌరవంతో అల్లుకున్న ఒక అపురూపమైన ప్రయాణం. ఈ అనుభవం మన అనుబంధాన్ని మరింత బలోపేతం చేస్తుందని ఆశిస్తున్నాను. మీరు బొమ్మలు పంపకూడదని తీసుకున్న నిర్ణయాన్ని గౌరవిస్తున్నాను.

ప్రేమాభిమానాలతో,
మీ మరదలు


మార్చి 15

నీకు,

నీ దస్తూరీతో ఎవరో నాకు ఉత్తరం రాశారు. 'ళ' రాసేటప్పుడు తోక లాగడం నీదే. మిగతాదేదీ నీది కాదు.

నేను ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజు నువ్వు గడప దగ్గర నిలబడి, "ఏయ్ వదినా, నువ్వు సైకిలు తొక్కగలవా" అన్నావు. అప్పటినుంచి ఇప్పటిదాకా నన్ను నువ్వు అనే పిలిచావు. కోపమొస్తే ఇంకా కింది మాటలు కూడా అన్నావు. ఈ ఉత్తరంలో నేను 'మీరు' అయ్యాను. మీ అన్నయ్యకి చదివి వినిపిస్తే, "మా చెల్లికి జ్వరంగానీ వచ్చిందా" అన్నారు.

నువ్వు నన్ను తిట్టి రాసినా ఇంత బాధపడేదాన్ని కాదు. నాకు సంజాయిషీ చెప్పడానికి కూడా ఇంకెవరినో పిలిచావు చూడు, అదే మింగుడుపడటం లేదు.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ కర్ర కింద మాట కూడా ఇలాగే వచ్చిందా? నువ్వే కూర్చుని కల్పించావని నేను ఇన్నాళ్ళూ నీ మీద మండిపడుతున్నాను.

బొమ్మలు పంపకపోవడం నీ మీద అలక కాదు. మేనేజరు గారి కోపం చల్లారాలి, నా చేతికి మళ్ళీ ధైర్యం రావాలి. అంతే.

వదిన


మార్చి 24

వదినా,

నీ ఉత్తరం చదివి ముందు కోపమొచ్చింది. చించేద్దామనుకున్నాను. తర్వాత ప్రెస్సు వెనక కాగితం కట్టల మీద కూర్చుని ఏడ్చాను. బైండింగు చేసే ఆయన వచ్చి చూసి, ఏమీ అడగకుండా ఫ్యాను నా వైపు తిప్పి వెళ్ళాడు.

అవును. రెండూ ఏఐ రాసినవే. నీ రాత దానికిచ్చి, "మనసుకి తగిలేలా చెయ్యి" అన్నాను. అది చేసింది. నేను చదివి, ఆహా అనుకుని పెట్టేశాను. కర్ర మనిషి ఉన్నాడా పోయాడా అన్న ఆలోచనే నాకు రాలేదు. వాక్యం బాగుందా లేదా, అదొక్కటే చూశాను. పెద్దాయన సంగతి రాసిన నీ ఉత్తరం వచ్చాక కాగితం ముందు పెట్టుకున్నాను. ఏం రాయాలో తెలియలేదు. తెలియనప్పుడల్లా దాన్నే అడగడం అలవాటైపోయింది వదినా. ప్రెస్సులో రోజంతా అదే పని. ఎవరొచ్చినా "కొంచెం మంచి మాటలు పెట్టండమ్మా" అంటారు. దాన్ని అడుగుతాను, ఇస్తుంది. మొన్న పోయినవాళ్ళ కార్డుకీ, కొత్త చెప్పుల షాపు బోర్డుకీ ఒకటే వాక్యం ఇచ్చింది: "ప్రతి అడుగూ ఓ జ్ఞాపకం." ఇద్దరూ సంతోషంగా తీసుకెళ్ళారు.

అసలు సంగతి ఇంకోటుంది. నాకు నా మాటలంటే సిగ్గు. నేను మాట్లాడితే గలగలా మాట్లాడతాను, కాగితం ముందు పెడితే ఒక్క ముక్కా రాదు. అందరి మాటలూ అచ్చుకి కూర్చి కూర్చి, నావి ఎలా ఉంటాయో మరిచిపోయాను. నీ మాటలు పేలవమని నేనెప్పుడూ అనుకోలేదు. వాటిని చూసి ఎవరైనా నవ్వుతారేమోనని, వాళ్ళ కంటే ముందు నేనే భయపడ్డాను.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. పేజీలో ఒకడు, ఇవన్నీ ఏఐ రాతలని పట్టేశాడు. అంతటితో ఆగితే బాగుండు. బొమ్మలు కూడా ఏఐవేనంటున్నారు. మా వదిన చేత్తో గీసిందని రాస్తే, రుజువు చూపించు అంటున్నారు. మరకలు తీసి, గీతలు నున్నగా చేసి పెట్టింది నేనే. ఇప్పుడు చూస్తే నాకే నీ చేయి కనపడటం లేదు. నువ్వు గీస్తుండగా ఒక వీడియో తీసి పంపుతావా? లేకపోతే పేజీ మొత్తం మూసేస్తాను.

ఈ ఉత్తరంలో ఎన్ని కొట్టివేతలున్నాయో చూశావుగా. ఇది నేనే.

నీ ఆడపడుచు


మార్చి 31

ఓసి పిచ్చి మొహమా,

ఉత్తరం అందింది. కొట్టివేతలతో సహా చదివాను. ఒకచోట ఏదో రాసి బాగా కొట్టేశావు, వెలుగుకి పెట్టి చూస్తే "గాడిద" అని కనపడింది. అది నేనా, ఆ రుజువు అడిగినవాడా? ఎవరైనా సరే, నాకు ప్రాణం లేచొచ్చింది.

వీడియో తీశాం. మీ అన్నయ్యే తీశారు. మొదటినుంచి చివరిదాకా ఆయన బొటనవేలే ఉంది, మూల కాస్త నా మోచేయి. దాన్ని రుజువంటే మనల్ని ఊళ్ళోంచి తరుముతారు. మళ్ళీ తీద్దామన్నారు, నేనే వద్దన్నాను. ఎవరో చూస్తున్నారనుకుంటే నా చేయి బిగుసుకుపోతోంది. నా కౌంటరుకి ఎవరైనా వచ్చి గొడుగు నాదే అంటే, ఏ బస్సు, ఏ రంగు అని అడుగుతాను. చెబితే ఇచ్చేస్తాను. కొంతమంది చెప్పినా నమ్మబుద్ధి కాదు, ఏం చేస్తాం. వాళ్ళు నమ్మడం, నమ్మకపోవడం వాళ్ళిష్టం. మనం ఏం చేశామో అది మాత్రం చెప్పేయ్. బొమ్మ ఎవరిది, మాట ఎవరిది, మరక ఎవరు తీశారు, ఆ పెద్దాయన సంగతి ఏమిటి. మంచి మాటలు పెట్టకు. పేజీ మూసేయాలనుకుంటే అది చెప్పిన తర్వాత మూయి.

నాకు ఆ ఏఐ మీద కోపమేమీ లేదు. మా కౌంటరులో కూడా కంప్యూటరు ఉంది. పోయిన వస్తువు వివరాలు కొడితే ఏ అరలో ఉందో చెబుతుంది, నాకు సగం పని తప్పింది. కానీ ఆ మాట రాసేనాటికి ఆ పెద్దాయన్ని అది చూడలేదు, నేను చూడలేదు, నువ్వు చూడలేదు. చూడని మనిషి చావు గురించి అంత తీయగా ఎలా రాశాం? అదే నా గుండెలో ముల్లు.

నా మాటలు చూసి నవ్వేవాడు నవ్వుకుంటాడు. మీ అన్నయ్యతో ఇన్నేళ్ళు కాపురం చేశాను, నవ్వులకి భయపడేదాన్నా.

నీ వదిన


ఏప్రిల్ 12

వదినా,

రాశాను. ఎంతసేపు పట్టిందో అడక్కు. మధ్యలో వేలు అలవాటు కొద్దీ ఏఐ దగ్గరికి పోయింది. లాక్కున్నాను. పేజీలో పెట్టింది ఇదీ, అక్షరం మార్చకుండా నీకు దించుతున్నాను:

"ఈ బొమ్మలు మా వదిన గీసింది. ఆమె బస్టాండులో పోయిన వస్తువుల కౌంటరులో పనిచేస్తుంది. కింద మాటలు మొదట ఆమె రాసింది. నాకు చిన్నతనంగా అనిపించి ఏఐతో మార్పించాను. ఆమెకి చెప్పలేదు. బొమ్మల మీద మరకలు కూడా తీసేశాను. కర్ర బొమ్మ కింద ఉన్నది అబద్ధం. ఆ కర్ర పెద్దాయన బతికే ఉన్నాడు. ఆయన కూతురు ఆ మాట చదివి వేరే ఊరి నుంచి ఉన్నపళంగా బస్సెక్కి వచ్చింది. అది నా వల్ల జరిగింది. ఆమె ఇది చదివితే, క్షమించమని అడగడం లేదు. నేను చేసింది నేనే చెప్పాలని చెబుతున్నాను. ఇప్పుడు వదిన కాగితాలు ఉన్నవి ఉన్నట్టు పెడుతున్నాను."

తర్వాత టీ మరక కర్ర, దారం ముడి గొడుగు, అన్నీ నీ దస్తూరీతో సహా పెట్టాను. చూసేవాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. కొందరు తిట్టి వెళ్ళారు, కొందరు ఊరికే వెళ్ళారు. ఒకడు "ఈ క్షమాపణ కూడా ఏఐదే" అన్నాడు. అది చదివి నాకు నవ్వొచ్చింది వదినా, చాలా రోజుల తర్వాత. అంత వంకరగా అది రాయలేదు.

ఆ కూతురు కూడా చదివింది. తిట్టలేదు, మెచ్చుకోలేదు. "గుడ్డ ఎడమవైపే అరిగింది, నేను చుట్టాను గానీ ఎప్పుడూ చూసుకోలేదు. నాన్నకి పక్షవాతం వచ్చాక కుడిచేతికి పట్టు లేదు" అని రాసింది. నీ మాట కిందే రాసింది. నీకు చెప్పాలనిపించింది.

పేజీ మూయలేదు. పదిమంది ఉన్నా చాలు.

నీ ఆడపడుచు (మేనేజరు పదవికి రాజీనామా చేసింది)


ఏప్రిల్ 20

రాజీనామా చేసిన ఆడపడుచుకి,

రాజీనామా ఒప్పుకోవడం లేదు.

నువ్వు పెట్టింది మీ అన్నయ్య గట్టిగా చదివి వినిపించారు. చదివి కళ్ళద్దాలు తుడుచుకుని, "మా చెల్లి నోట్లోంచి విన్నట్టే ఉంది" అన్నారు. మళ్ళీ టీకా తాత్పర్యాలకి దిగబోయి మధ్యలోనే ఆపేశారు. లేచి వెళ్ళి, బాగానే ఉన్న కొళాయిని బాగుచేశారు.

మా డిపో మేనేజరు కూడా చూశారట. మధ్యాహ్నం కౌంటరు మీద నా పెన్సిలు పక్కన గీతలు చెరిపే కొత్త రబ్బరు ఒకటి ఉంది. ఆయనే పెట్టారని నా అనుమానం, అడిగితే ఒప్పుకోరు.

ఒక బొమ్మ పంపుతున్నాను. తాళంచెవుల గుత్తి. పదో నంబరు బస్సు వెనక సీట్లో దొరికింది, ఇంకా ఎవరూ రాలేదు. కింద ఏమీ రాయలేదు. మరిచిపోయి కాదు. ఆ జాగా నీకు వదిలాను. తెలిసింది రాయి, తెలియనిది తెలియదని రాయి. నచ్చకపోతే ఖాళీగానే పెట్టు. నేను దిద్దను.

నీ వదిన


ఏప్రిల్ 29

వదినా,

ఈ గుత్తి నన్ను వారం రోజులు కాల్చుకు తింది. భోజనాల వేళ తీసి చూడటం, మళ్ళీ లోపల పెట్టడం. మొదట రాసింది పెళ్ళికార్డులా వచ్చింది, చించేశాను. రెండోది మా ప్రెస్సు ప్రకటనలా వచ్చింది. బైండింగు ఆయన చూసి, "ఏం అమ్ముతున్నావు?" అన్నాడు.

తర్వాత రాయడం ఆపి, ఊరికే చూస్తూ కూర్చున్నాను. నువ్వు కౌంటరులో అలాగే కూర్చుంటావేమో. చూస్తుంటే ఒక తాళంచెవి మిగతా వాటికంటే మెరుస్తూ కనిపించింది. నువ్వు పెన్సిలు అక్కడ తేలిగ్గా ఆనించి వదిలేశావు. ముందు నాకు కనపడలేదు.

పొద్దున పేజీలో పెట్టాను. నీ బొమ్మ కింద నా దస్తూరీతో, తోక లాగిన 'ళ'తో ఇలా ఉంది:

"తాళంచెవుల గుత్తి. ఒక చెవి బాగా అరిగి మెరుస్తోంది. ఇంటిది అదే కావచ్చు, నాకు తెలియదు. ఆ రోజు వీళ్ళు ఇంటికి చేరాక ఎవరి తలుపు తట్టారో."

అంతకంటే నాకు రాలేదు. పెట్టాక కాసేపు ఫోను ముట్టుకోలేదు. తర్వాత చూస్తే ఒకళ్ళిద్దరు తాము ఎవరి తలుపు తట్టారో రాశారు. పక్కింటివాళ్ళదని ఒకరు, పాత స్నేహితురాలిదని ఒకరు. నేను జవాబివ్వలేదు. నా జవాబు పేజీలో రాసేది కాదు, అందుకని నీకు రాస్తున్నాను.

నా కాపురం చెదిరినప్పుడు ఒక పెట్టె పట్టుకుని నీ తలుపు తట్టాను. నువ్వు తీసి, ఎందుకొచ్చావని అడగలేదు. పెట్టె నా చేతిలోంచి తీసుకుని, "జరుగు, తలుపేస్తాను, దోమలొస్తున్నాయి" అన్నావు. ఇన్నేళ్ళలో దాని గురించి నీకు ఒక్క మాట కూడా చెప్పలేదు. మంచి మాటలు దొరికాక చెబుదామని చూశాను.

దొరకలేదు వదినా. ఇవే ఉన్నాయి.

నీ ఆడపడుచు